సిల్కీ కోడి మెడ తిప్పేస్తోంది, పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి

హనుమకొండ_పెరడు
అందరికీ నమస్కారం. పోయిన దీపావళికి మా పాప అడిగిందని రెండు సిల్కీ పిల్లలు (బొచ్చులాంటి మెత్తటి ఈకలుండే కోళ్ల జాతి) తెచ్చుకున్నాం, ఒకటి తెల్లది, ఇంకోటి గోధుమ రంగుది, రెండూ పెట్టలే. పాప బడి నుంచి వస్తే గేటు చప్పుడుకే పరుగెత్తుకుంటూ వస్తాయి, ఒళ్లో పెట్టుకుంటే కళ్లు మూసుకుని పడుకుంటాయి. నేను అమ్మమ్మ వాళ్లింట్లో నాటుకోళ్ల మధ్య పెరిగినదాన్నే. సాయంత్రం గంప మూయడం, నూకలు తవుడు కలిపి పెట్టడం అన్నీ వచ్చు, కానీ ఇవి ఆ లెక్కకు అందడం లేదు.

మొన్న పెద్ద వాన పడ్డప్పుడు నాటుకోడి అయితే ఈపాటికి అరుగు కిందకి దూరేది, ఇవి మాత్రం వాకిట్లో అలాగే నిలబడి తడిసిపోయాయి. తుడుస్తూ ఈకలు పాయ తీసి చూస్తే చర్మమంతా నలుపు! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, తర్వాత తెలిసింది వీటి చర్మమే అంత అని.

ఇప్పుడు అసలు టెన్షన్ ఏమిటంటే తెల్లది మూడు రోజులుగా మెడ ఒక పక్కకి తిప్పేస్తోంది, గింజ వేస్తే గింజ మీద కాకుండా పక్కన నేల మీద పొడుస్తోంది. దగ్గర్లో ఒకచోట చూపిస్తే "కోడికి వైద్యమేంటమ్మా, కోసుకోండి" అన్నారు, పాప అక్కడే ఏడ్చేసింది. గోధుమ రంగుదేమో పన్నెండు గుడ్లు పెట్టి పొదుగు మీద కూర్చుంది, గూట్లో గుడ్లు లేకపోయినా లేవదు. మా అత్తయ్య నీళ్లలో ముంచమంటున్నారు, లేదా ముక్కులో ఈక గుచ్చమంటున్నారు. ఏం చేయాలి?

గోదారి_కోళ్లు
అక్కా, ముందు ఒక పని చేయండి, ఆ తెల్లదాని తల మీద జుట్టు తడిపి, పాయ తీసి కింద ఏమైనా దెబ్బ ఉందేమో చూడండి. సిల్కీల్లో చాలావాటికి ఆ కుచ్చు కింద పుర్రె ఉబ్బెత్తుగా ఉంటుంది, కొన్నిటికి ఆ ఎముక పూర్తిగా మూసుకోదు. వేరే కోడి ముక్కుతో అక్కడ ఒక్క పోటు పొడిచినా మెడ వంకర పోతుంది. నాలుగేళ్ల కిందట మా దగ్గర ఇలాగే జరిగింది. ఎండ దెబ్బ అనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాం, మూడో రోజు చూస్తే జుట్టు కింద రక్తం గడ్డకట్టి ఉంది.

దెబ్బ అయినా, విటమిన్ లోపమైనా ఇంట్లో చేసేది దాదాపు ఒకటే. మెడికల్ షాపులో దొరికే విటమిన్ ఈ 400 క్యాప్సూల్ సూదితో గుచ్చి రోజుకొకటి ముక్కు పక్కన చుక్కలు చుక్కలుగా వేయండి. దానితో పాటు ఉడికించిన గుడ్డు సొన కొంచెం ఇవ్వండి, అందులో సెలీనియం ఉంటుంది, అది లేకపోతే విటమిన్ ఈ సరిగ్గా పని చేయదు. నోరు తెరిచి నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చీకటిగా, చప్పుడు లేని చోట అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి ఉంచండి. మాది మామూలుగా తినడానికి పంతొమ్మిది రోజులు పట్టింది, ప్రతి పూటా చేత్తోనే పెట్టాను.

ఒక్క జాగ్రత్త. కొక్కెర రోగంలో (రాణిఖేత్ అంటారే, అది) కూడా మెడ తిరిగిపోతుంది. రెట్ట పచ్చగా పడుతున్నా, ముక్కు కారుతున్నా, రెండోది కూడా డల్‌గా ఉన్నా ఇంటి వైద్యం పెట్టుకోకుండా కోళ్ల గురించి తెలిసిన డాక్టరుకే చూపించండి, రెండిటినీ వేరు చేయండి. దానికి టీకా వేయించారా? చిన్నప్పుడు లసోటా కంట్లో చుక్క, ఎనిమిది వారాలప్పుడు ఆర్‌టూబీ ఇంజెక్షన్. సీసా కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి కాబట్టి మేం వీధిలో కోళ్లున్న వాళ్లందరం ఒకే రోజు పెట్టుకుంటాం.

ఇక పొదుగు కోడి సంగతి. దయచేసి నీళ్లలో ముంచకండి. మామూలు కోడి ఈకలో పోచల్ని పట్టి ఉంచే సన్నటి కొక్కేలుంటాయి, సిల్కీ ఈకకి అవి ఉండవు. అందుకే అది ఎగరలేదు, నీళ్లు జారిపోవు, తడిస్తే లోపలి దాకా తడుస్తుంది, ఈ వానల్లో ఆరక జబ్బు చేస్తుంది. ముక్కులో ఈక గుచ్చడం కూడా వద్దు, పాపం దానికి నొప్పి. కింద గాలి ఆడే తీగ పంజరంలో మూడు నాలుగు రోజులు నీళ్లు, మేత పెట్టి ఉంచితే పొట్ట చల్లబడి దానంతటదే మానేస్తుంది.

నన్నడిగితే పొదగనివ్వండి. సిల్కీ అంటేనే పొదుగు. మా వైపు పందెం కోళ్లు పెంచేవాళ్లు అసీలు గుడ్లు తెచ్చి మా సిల్కీ కింద పెట్టిస్తారు, ఒళ్లు చిన్నది కాబట్టి ఐదో ఆరో, అంతకంటే పట్టవు. ఇరవై ఒకటో రోజుకి పిల్లలు దిగుతాయి. రెండు నెలలకే ఆ పిల్లలు తల్లికంటే పొడుగైపోతాయి, అయినా చీకటి పడితే దాని రెక్క కిందే దూరతాయి. తల ఒక్కటే లోపల, ఒళ్లంతా బయట. అదేమో పిల్లలు తడవకుండా చూస్తున్నట్టు రెక్కలు ఇంకా చాపుతుంది.

టెక్సాస్_తెలుగు_అమ్మ
మాకు పోస్టులో ఒక రోజు వయసు పిల్లలు వచ్చాయి, ఇక్కడ అలాగే పంపిస్తారు. హేచరీలోనే మారెక్స్ అనే కాళ్లు పడిపోయే జబ్బుకి టీకా వేయించి తీసుకోండి, ఈ జాతికి ఆ జబ్బు తొందరగా అంటుకుంటుంది. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి పడిపోతే అదే అని అనుమానించాలి. సిల్కీ పిల్లల్లో పుంజో పెట్టో చిన్నప్పుడు తేల్చలేరు, మా ఆరింటిలో నాలుగు పుంజులయ్యాయి. ఐదారు నెలలకి కూత మొదలైంది, మా ఊళ్లో పుంజులు ఉంచుకోనివ్వరు, ఒక రైతుకి ఇచ్చేశాం. ఆ రోజు మా అబ్బాయి అన్నం తినలేదు.

మీ తెల్లది గింజ పక్కన పొడవడానికి మెడతో పాటు జుట్టు కూడా కారణం కావచ్చు. కళ్ల మీద పడ్డ ఈకల్ని చిన్న కత్తెరతో కత్తిరించండి, మొదలు నల్లగా, మెత్తగా ఉంటే అది కొత్త ఈక, కోస్తే రక్తం వస్తుంది, దాన్ని వదిలేయండి. మాకిక్కడ గద్దలెక్కువ, జుట్టు అడ్డమై పైన ఏముందో వీటికి కనబడదు. కత్తిరించాక మా కోడి మొదటిసారి తలెత్తి నా మొహం చూసింది!

గుంటూరు_డాబా
నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మే నెలలో మా ఊళ్లో ఎండ నలభై నాలుగు దాటితే ఆ మెత్తటి బొచ్చుతో అవి పడే అవస్థ చూడలేం. రెండు పోయాయి మాకు, మధ్యాహ్నం రెండింటికి నోళ్లు తెరుచుకుని రొప్పుతూ. తడి గోనెపట్టాలు కట్టి, ఫ్యాను పెట్టి మిగతా మూడింటిని కాపాడుకున్నాం. అందంగా ఉన్నాయని కొనేవాళ్లు ఎండాకాలం నీడ సంగతి ముందు చూసుకోవాలి. నల్ల చర్మం చూపించి సిల్కీనే కడక్‌నాథ్ (మధ్యప్రదేశ్ నల్లకోడి) అని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, వేళ్లు లెక్కపెట్టండి. కడక్‌నాథ్‌కి కాలికి నాలుగే, సిల్కీకి ఐదు.

హనుమకొండ_పెరడు
తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే జుట్టు పాయ తీస్తే వేలిగోరంత గాయం, పైన పక్కు కట్టి ఉంది. పక్కింటి నాటు పుంజు గోడ దూకి వస్తుంటుంది, దాని పనే. రెట్ట బాగానే ఉంది, రెండోది చురుగ్గా ఉంది. గోడ మీద వల కట్టించాం.

ఇవాళ్టికి పదకొండో రోజు. మెడ ఇంకా కొంచెం వంకరే, కానీ పొద్దున పాప అరచేతిలో పెట్టిన నూకల్ని గురి తప్పకుండా మూడు సార్లు పొడిచింది. గోధుమ రంగుదాని కింద మా అమ్మ ఊరి నుంచి ఐదు నాటుకోడి గుడ్లు తెచ్చి పెట్టింది. పాప క్యాలెండర్ మీద ఇరవై ఒకటో రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసుకుంది.