115 దాటని గీత: మా ట్రాఫిక్ గ్రాఫు ఎందుకు అబద్ధం చెబుతోంది?

కొత్తకాపలా:
మా ప్రధాన రౌటర్‌లోని గిగాబిట్ పోర్టును ఐదు నిమిషాలకోసారి ఎస్‌ఎన్‌ఎమ్‌పీతో (నెట్‌వర్క్ పరికరాల అంకెలను దూరం నుంచి అడిగే పద్ధతి) చదివి, ఆ అంకెను ఆర్‌ఆర్‌డీటూల్‌లో (అంకెలను దాచి గ్రాఫు గీసే సాఫ్ట్‌వేర్) దాచే చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. రాత్రిళ్లు గ్రాఫు నున్నగా ఉంటుంది. పగలు రద్దీ పెరిగితే గీత పైకెక్కి, ఉన్నట్టుండి పదికో పదిహేనుకో పడిపోయి, మళ్లీ ఎక్కుతుంది. అచ్చం రంపం పళ్లే. నిన్న రౌటర్‌లోకి వెళ్లి చూస్తే సెకనుకు దాదాపు 300 మెగాబిట్లు ఉంది, గ్రాఫులో 71. కేబుల్ మార్చాను, పోర్టూ మార్చాను. ఫలితం లేదు.

లెక్కలపిచ్చి:
ఒక్క ప్రశ్న. ఆ గ్రాఫు ఎప్పుడైనా 115 దాటిందా?

కొత్తకాపలా:
వెనక్కి వెళ్లి చూశాను. దాటలేదు, అత్యధికం 113.8. మీకెలా తెలిసిందండీ?

లెక్కలపిచ్చి:
మీరు చదువుతున్నది ఇఫ్‌ఇన్‌ఆక్టెట్స్, అంటే పోర్టులోకి వచ్చిన బైట్లను లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్. 4,294,967,295 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. ఒక చుట్టులోని బైట్లను 8తో గుణించి 300 సెకన్లతో భాగిస్తే 114.5 మెగాబిట్లు వస్తుంది. అంతకు మించి పారితే రెండు రీడింగుల మధ్య కౌంటర్ నిండుగా ఒక చుట్టు తిరిగేస్తుంది. కొత్త అంకె పాతదాని కన్నా చిన్నదైతే ఆర్‌ఆర్‌డీటూల్ ఒక చుట్టు కలుపుకుంటుంది. పాత అంకెను దాటేసి వస్తే దానికి తెలిసే దారే లేదు.

మీ 300నే చూడండి. ఐదు నిమిషాల్లో 1,125 కోట్ల బైట్లు. రెండు చుట్లకు 859 కోట్లు పోతే మిగిలేది 266 కోట్లు. సెకనుకు మార్చితే 71 మెగాబిట్లు! కేబుల్ పాపం ఏమీ లేదు. ఇఫ్‌హెచ్‌సీఇన్‌ఆక్టెట్స్ చదవండి, అది 64 బిట్లది.

తొందరమనిషి:
అంత దూరం ఎందుకు, పది సెకన్లకోసారి చదివితే సరిపోదా? గిగాబిట్ పోర్టు నిండుగా నడిచినా చుట్టు తిరగడానికి 34 సెకన్లు పడుతుంది కదా.

పాతరౌటర్:
నేనూ అలాగే అనుకుని ఒకసారి దెబ్బతిన్నాను. కొన్ని పరికరాలు కౌంటర్‌ను వెంటవెంటనే తాజా చేయవు. ఒకసారి అడిగితే పాత అంకే ఇస్తాయి, గ్రాఫులో సున్నా. తర్వాతిసారి రెండింతలు. ఒక రంపం పోయి ఇంకో రంపం వస్తుంది.

కొత్తకాపలా:
64 బిట్లకు మార్చాను. ఇప్పుడు గ్రాఫు పూర్తిగా ఖాళీ!

పాతరౌటర్:
స్క్రిప్టులో ఎస్‌ఎన్‌ఎమ్‌పీ వెర్షన్ 1 ఉందేమో చూడండి. వెర్షన్ 1కి 64 బిట్ల కౌంటర్ అంటే ఏమిటో తెలియదు. వెర్షన్ 2సీ పెట్టండి. ఎమ్మార్టీజీ (ట్రాఫిక్ గ్రాఫులు గీసే ఇంకో సాఫ్ట్‌వేర్) వాడేవారైతే దాని సెట్టింగుల ఫైలులో టార్గెట్ వరుసలో రౌటర్ పేరు తర్వాత ఐదు కోలన్లు, ఆపైన 2. ఆ కోలన్లు ఒకటి తగ్గి నాకు ఒక సాయంత్రమంతా పోయింది.

గీతలమనిషి:
ఎమ్మార్టీజీలో మాక్స్‌బైట్స్ (సెకనుకు గరిష్ఠంగా ఎన్ని బైట్లో చెప్పే అంకె) కూడా చూసుకోండి. పోర్టు 100 మెగాబిట్లుగా ఉన్నప్పుడు రాసిన 12500000 అలాగే ఉండిపోతే, అంతకన్నా పెద్ద రీడింగును అది పారేస్తుంది. మాకు రద్దీ వేళల్లోనే గ్రాఫులో కంతలు పడేవి.

కొత్తకాపలా:
2సీతో పని చేసింది! కానీ రాత్రి రౌటర్‌ను రీబూట్ చేశాక తాటిచెట్టంత గీత లేచింది. మిగతా గ్రాఫంతా నేలకు అంటుకుపోయింది.

లెక్కలపిచ్చి:
రీబూట్‌తో కౌంటర్ సున్నా అయింది. ఆర్‌ఆర్‌డీటూల్‌లో డేటా రకంగా 'కౌంటర్' అని పెడితే అది చుట్టు తిరిగిందనుకుని కొండంత అంకె కలుపుతుంది. ఆ రకాన్ని 'డిరైవ్'కు మార్చి, కనిష్ఠం 0 పెట్టండి. ఇప్పటికే పడ్డ తాటిచెట్టును నరకాలంటే ఫైలును డంప్ చేసి, ఆ వరుసను దిద్ది, రిస్టోర్ చేయాలి.

గీతలమనిషి:
రీబూట్ తర్వాత ఇఫ్‌ఇండెక్స్ అంకెలు (రౌటర్ ఒక్కో పోర్టుకు ఇచ్చే వరుస సంఖ్యలు) మారలేదు కదా? మారితే పక్క పోర్టు ట్రాఫిక్ మీ పేరు మీద వస్తుంది.

తొందరమనిషి:
నాదీ ఒక సందేహం. రోజువారీ గ్రాఫులో 900 ఉన్నది వారం గ్రాఫులో 300 అయింది. ఇదీ కౌంటర్ గొడవేనా?

లెక్కలపిచ్చి:
కాదు. ఎమ్మార్టీజీ వారం గ్రాఫు అరగంట సగటు చూపిస్తుంది. పది నిమిషాలు 900, మిగతా ఇరవై నిమిషాలు దాదాపు సున్నా అయితే 300 సరైనదే. శిఖరాలు కావాలంటే గరిష్ఠాన్ని విడిగా దాచుకోవాలి.

కొత్తకాపలా:
ఇండెక్స్ మారలేదు. ఈరోజు మధ్యాహ్నం గ్రాఫు 340 దాకా ఎక్కింది, రౌటర్‌తో సరిపోయింది. గడిచిన ఆరు నెలల గీతలను సరిచేసే మార్గం ఉందా?

పాతరౌటర్:
లేదండీ. ఎన్ని చుట్లు తిరిగిందో ఎక్కడా రాసి లేదు కదా.

కొత్తకాపలా:
అనుకున్నాను. లింకులో ఎనిమిదో వంతు కూడా వాడటం లేదని ఆ గ్రాఫు చూసే పోయిన నెల పైవాళ్లకు రాసిచ్చాను. రేపు వెళ్లి ఆ కాగితం వెనక్కి తీసుకోవాలి.