నర్సుల్ని జర్మనీ పంపడం: ఇది సహకారమా, పట్టుకుపోవడమా?

ఉద్దానం_కొబ్బరి:
మా పక్క వీధి గుంట జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి మూడేళ్ళు డయాలసిస్ యూనిట్‌లో చేసింది, ఇప్పుడు మానేసి వైజాగ్‌లో జర్మన్ నేర్చుకుంటోంది. పిల్ల మంచిది, ఆమె మీద నాకేం లేదు. నా గొడవ ఒప్పందాల మీద. 2022 డిసెంబరులో మనవాళ్ళూ జర్మనీవాళ్ళూ వలసల ఒప్పందం మీద సంతకాలు పెట్టుకున్నారు, 2024 అక్టోబరులో వాళ్ళ ఛాన్సలర్ ఢిల్లీ వచ్చి ఏడాదికి 20,000 వీసాల్ని 90,000 చేస్తామన్నాడు. అందరూ సహకారం సహకారం అంటున్నారు. చదివించింది మనం, నర్సు వాళ్ళకి. మనకేటొచ్చింది?

పలాస_జీడిపప్పు:
ఏటొస్తాది, యూరోలొస్తాయి

గంటస్తంభం_సెంటర్:
ముందు లెక్క సరిచూసుకోండి సార్. ఆ 90,000 నర్సులకే కాదు, నైపుణ్యం ఉన్న అన్ని పనులవాళ్ళకీ కలిపి. నర్సులకి ట్రిపుల్ విన్ అని జర్మనీ ప్రభుత్వ ప్రోగ్రాం వేరే ఉంది, కేరళ ప్రభుత్వపు ప్రవాసుల సంస్థ నోర్కా వాళ్ళు 2021 డిసెంబరులో సంతకం పెట్టారు, అందులో నర్సు పైసా కట్టక్కర్లేదు, ఇక్కడ జర్మన్ భాష బి1 స్థాయి వరకు, అక్కడికెళ్ళాక దాని పై స్థాయి బి2. ఇంకో మాట, వైద్య సిబ్బంది కొరత బాగా ఉన్న దేశాల నుంచి లాక్కోవద్దని డబ్ల్యూహెచ్ఓ 2023లో 55 దేశాల లిస్టు వేసింది, అందులో మన దేశం లేదు.

ఉద్దానం_కొబ్బరి:
ఆ లిస్టు దేశాన్ని చూసి వేస్తారు బాబూ, మా కంచిలి లాంటి ఊరిని చూసి వెయ్యరు.

వంశధార_ఒడ్డు:
బి1 చాలని ఎవరు చెప్పారండీ మీకు? మా అప్ప కూతురు బి1 పాసై 8 నెలలు ఇంట్లో కూర్చుంది, బి2 లేకపోతే ఫైలు కదలదన్నారు. కన్సల్టెన్సీవాడు 3,20,000 తీసుకున్నాడు, సర్టిఫికెట్లు ఒరిజినల్స్ వాడి దగ్గరే ఉన్నాయి, ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటాడు. ఫ్రీ అట!

గంటస్తంభం_సెంటర్:
మీ కన్సల్టెన్సీ వేరు, ప్రభుత్వాల ప్రోగ్రాం వేరు. బి2 కావాల్సింది అక్కడ పూర్తి నర్సుగా గుర్తింపుకి.

వంశధార_ఒడ్డు:
అదే నేనూ అంటున్నది, బి2 కావాలి.

గంటస్తంభం_సెంటర్:
వెళ్ళాక కావాలి అంటున్నాను!!

నాగావళి77:
బి1 బి2 ఏటిరా, కాంప్లెక్స్‌లో బస్సు సీట్లా

బొబ్బిలి_వీణ:
నేను స్టాఫ్ నర్సుని, నేనూ నేర్చుకుంటున్నాను. చెంచా మగ, ఫోర్కు ఆడ, చాకు రెండూ కాదు, ఒక్క కంచం దగ్గరే ఇంత గొడవ ఆ భాషలో. నైట్ డ్యూటీ చేసొచ్చి పొద్దున్న 10కి క్లాసులో కూర్చుంటాను. అక్కడ గుర్తింపు వచ్చేదాకా హెల్పర్‌గానే చెయ్యాలి, పేషెంట్‌కి స్నానం, తినిపించడం నర్సు పనే. ఇక్కడైతే అవి పేషెంట్ భార్యో కూతురో చేస్తారు. అన్నీ తెలిసే వెళ్తున్నా. నా జీతం 14,000, అదీ మూడు నెలలకోసారి. మా నాన్న మద్రాసు వెళ్ళాడు, అన్నయ్య కువైట్‌లో ఉన్నాడు, అప్పుడెవ్వరూ మనకేటొచ్చిందని అడగలేదు. ఆడపిల్ల ఎక్కేసరికి విమానం బరువైపోయిందా?

ఉద్దానం_కొబ్బరి:
ఆడా మగా అని నేనన్నానా? లేని మాట అంటగట్టకు. మేస్త్రీ కువైట్ ఎల్తే గోడ ఆగుద్ది. నర్సు ఎల్తే ఎవుడాగుతాడో నీకే తెలియాలి.

బొబ్బిలి_వీణ:
మరి ఆ నర్సుని పర్మనెంట్ చెయ్యమని ఒక్కసారైనా అడిగారా ఎవరినైనా? అవుట్‌సోర్సింగ్‌లో ఉన్నన్నాళ్ళూ మేం మీకు కనబడం, పాస్‌పోర్టు తీసుకోగానే దేశం గుర్తొస్తాది.

పలాస_జీడిపప్పు:
వేడెక్కింది, నీళ్ళు తాగండి

ఉద్దానం_కొబ్బరి:
నన్ను నీళ్ళు తాగమనకు, రోజుకి లీటరు దాటకూడదు నాకు. అవును, నేనే పేషెంట్‌ని. వారానికి మూడు రోజులు డయాలసిస్, నాలుగేసి గంటలు. ఆ గుంట ఎడమ చేతి ఫిస్టులా (డయాలసిస్ సూది కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) మీద వేలు పెట్టి, జుయ్యిమని కొట్టుకునే చోటు చూసుకుని ఒక్క పోటుకి సూది ఎక్కించేసేది. కొత్తగా వచ్చిన కుర్రాడు మొన్న రెండుసార్లు తప్పాడు, మోచెయ్యి దాకా నల్లగా కమిలిపోయింది, టైపు కూడా కుడి చేత్తోనే కొడుతున్నా. ఆ గుంట కూడా మొదట్లో తప్పేది, నా చేతి మీదే నేర్చుకుంది. ట్రైనింగ్ ట్రైనింగ్ అంటారే, అది ఏ కాలేజీలో జరిగిందనుకున్నారు? ఇప్పుడు ఈ కుర్రాడికి మళ్ళీ మొదట్నుంచీ నేర్పాలి. వీడు నేర్చుకున్నాక వీడూ ఎల్తాడు.

నాగావళి77:
అయ్యో బాబాయ్.

గంటస్తంభం_సెంటర్:
సారీ సార్, తెలియక లెక్కలు చెప్పాను. 2010 డబ్ల్యూహెచ్ఓ కోడ్‌లోనూ ఉంది, నర్సుల్ని తీసుకునే దేశం పంపే దేశంలో ట్రైనింగ్‌కి సాయపడాలని. బలవంతమేం లేదు, ఏ దేశం ఇష్టం ఆ దేశానిదే. కానీ ఒప్పందంలో రాయించుకోవచ్చు కదా, ఒకరు వెళ్ళేముందు ఇంకొకరు పక్కన నిలబడి నేర్చుకోవాలని, ఆ ఖర్చు వాళ్ళు పెట్టుకోవాలని.

బొబ్బిలి_వీణ:
బాబాయ్, మా హాస్పిటల్‌లో నోటీసు ఒక్క నెల. ఆ నెలలో కొత్తవాళ్ళకి చూపించమని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చూపిస్తాను, డబ్బులక్కర్లేదు. కానీ వెళ్ళడం మాత్రం మానను.

ఉద్దానం_కొబ్బరి:
మానమని నేనూ అన్నేదమ్మా. ఎల్లు. ఎల్లుండి మళ్ళీ నా టర్ను, ఆ కుర్రాడే ఉంటాడు.

వంశధార_ఒడ్డు:
బి2 సంగతి ఎవరూ తేల్చలేదు.