సప్పుడైంది, ఇనొచ్చింది: రెండూ ఒకటేనా?

వినేవారు లేనిచోట చప్పుడు ఉంటుందా, ఎరిగినవారు లేకపోతే కాలం ఉంటుందా అని ఇక్కడ నడుస్తున్న చర్చను మా పాలమూరు వాడుక వైపు నుంచి చూడాలనిపించింది. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టులో 2017లో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. అటువంటిది ఎవరూ లేని అర్ధరాత్రి జరిగితే "సప్పుడైంది" అనవచ్చునా?

అనవచ్చుననే నా అభిప్రాయం. "సప్పుడైంది" అన్న వాక్యానికి వినేవారితో పని లేదు, కొమ్మ విరిగితే చాలు. "సప్పుడు ఇనొచ్చింది" అన్నప్పుడు మాత్రం చెవి కావాలి. ఇందులో ఉన్నది "వినవచ్చు" (విన + వచ్చు, అంటే వినబడు) అనే పాత క్రియ. చెవి దాకా వచ్చిందంటే అంతకుముందు అది మరెక్కడో ఉన్నట్టే కదా. ఫోన్‌లో మాట తెగిపోతుంటే "ఇనొస్తలేదు" అంటాము గాని, అవతలివారు మాట్లాడడం మానేశారని అనుకోము.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దపు తన న్యాయశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో "శ్రోత్రగ్రాహ్యో గుణః శబ్దః" (చెవికి గ్రాహ్యమైన గుణమే శబ్దం) అన్నాడు. దీన్ని చూపి, చెవి లేనిదే శబ్దం లేదని కొందరు వాదిస్తారు. కాని ఆయన వాడినది "గ్రాహ్యం", అంటే చెవి పట్టదగినది; చెవి పట్టినది అని చెప్పాలంటే "గృహీతం" అనేవాడు. ఒక్క ప్రత్యయంతో ఆయన ఆ చిక్కును దాటేశాడు.

కాలం దగ్గర మన వాడుక ఇంత తేటగా లేదు. "పొద్దు వొడిసింది" (పొడిచింది), "పొద్దు గూకింది" (గుంకింది) అన్నవి ఎవరు చూసినా చూడకపోయినా జరిగేవే. "పొద్దు పోతలేదు" అన్నప్పుడు మాత్రం ఎవరికి అని అడగవలసి వస్తుంది, ఎందుకంటే సూర్యుడు కదలడం లేదని దాని అర్థం కాదు. ఒకే మాట ఒకచోట ఆకాశంలోనూ, ఇంకొకచోట అరుగు మీద కూర్చున్న మనిషిలోనూ ఉంది.

పూర్వం గడియలు కొలిచిన గడియకుడుకనే తీసుకోండి. (మా వైపు కుడుక అంటే ఎండుకొబ్బరి చిప్ప కాబట్టి, మాట వినగానే దాని ఆకారం కళ్ల ముందు నిలుస్తుంది.) అడుగున సన్నని రంధ్రం ఉన్న ఆ గిన్నెను నీళ్లలో తేలవేస్తే, నీరు మెల్లగా పైకి ఊరి, 24 నిమిషాలకు గిన్నె మునిగేది, అటువంటివి 60 అయితే ఒక రోజు. కాపలాదారు కునుకు తీసినా కుడుక మునుగుతుంది, కాని దాన్ని ఎత్తి మళ్లీ తేలవేసేవాడు లేకపోతే రెండో గడియ ఉండదు. అప్పుడు ఆగింది కాలమా, లెక్కా? అన్నంభట్టు కాలాన్ని "అతీతాదివ్యవహారహేతుః" అని, జరిగింది, జరుగుతోంది అనే మన వ్యవహారంతోనే నిర్వచించి, ఆ వెంటనే అది ఒకటే, అంతటా ఉన్నది, నిత్యమైనది అన్నాడు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న ఎడం నాకు ఇప్పటికీ పూర్తిగా కొరుకుడు పడలేదు.

జవాబు (నల్లగొండ నుంచి):
మీరు "సప్పుడు" ఒక్కటే పట్టుకున్నారు, "అలికిడి"ని వదిలేశారు. ఎవరో ఉన్నారని మనకు తోచినప్పుడే దాన్ని అలికిడి అంటాము. చెవి ఒగ్గినవారు లేకుండా ఆ మాటకు అర్థమే లేదు. కాలం విషయంలో మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి రండి. అక్కడ గర్భగుడిలో పడే స్తంభం నీడ పగలంతా కదలదు. నీడను బట్టి యాళ్ల (వేళ) చెప్పేవారు అక్కడ ఏమంటారు?

తిరుగు జవాబు:
అలికిడి విషయంలో మీరన్నదే సరి, నా వాదం చప్పుడుకు నిలుస్తుంది గాని అలికిడికి నిలవదు. పానగల్లులో నీడ నిలిచినా, గుడి బయటికి వచ్చి తల ఎత్తినవారు "పొద్దు వాలింది" అనే అంటారు.