'ఆదిమ కృష్ణబిలం'లో ఆ 'ఆదిమ' కుదిరిందా?

ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తున్నాను. ప్రైమోర్డియల్ బ్లాక్ హోల్ అన్నచోట 'ఆదిమ కృష్ణబిలం' అని రాశాను. తప్పు కాదు, కానీ మనసొప్పడం లేదు. ఆదిమ అనగానే ఆదిమ మానవుడు గుర్తొస్తాడు. ఎదగనిది, మోటుది అన్న ఛాయ ఆ మాటకి అంటుకుపోయింది. హాయిగా 'తొలి కృష్ణబిలం' అనేస్తే?

జవాబు: 'తొలి' వద్దండీ, అర్థమే మారిపోతుంది. మామూలు కృష్ణబిలం బరువైన నక్షత్రం చచ్చాక మిగిలేది. దీనికి నక్షత్రంతో పనే లేదు. 1960ల్లో జెల్దోవిచ్, నోవికోవ్, 1971లో హాకింగ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ఊహించినది వేరు. విశ్వం పుట్టిన మొదటి సెకనులోనే, మరీ చిక్కగా పోగుపడ్డ చోట్లు తమ బరువుకి తామే కుప్పకూలి బిలాలై ఉండొచ్చని. అప్పటికి పరమాణువులే లేవు! ఎంత ముందు పుడితే అంత చిన్నది. సెకనులో లక్షో వంతుకి పుట్టినది సుమారు సూర్యుడంత బరువుంటుంది, సెకను నిండేవేళకి పుట్టినదైతే లక్ష సూర్యులంత. ఇంతవరకూ ఒక్కటీ రుజువు కాలేదు.

ఇప్పుడు జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు చూసిన తొలినాటి బిలాలు తీసుకోండి. జీఎన్-జడ్11 గెలాక్సీలో విశ్వానికి 50 కోట్ల ఏళ్ళు నిండకముందే పది లక్షల సూర్యులను మించిన బిలం ఉంది. అంత త్వరగా అంత ఎలా పెరిగింది? మొదటి నక్షత్రాలు చచ్చి మిగిల్చిన చిన్న బిలమే గబగబా మేసిందా, పెద్ద వాయుమేఘం నక్షత్రాలుగా విడిపోకుండా నేరుగా కూలిందా, లేక ప్రైమోర్డియల్‌దేనా? వెబ్ చూసినవాటికీ, ప్రైమోర్డియల్ వాటికీ రెండింటికీ 'తొలి' అని రాస్తే ఆ ప్రశ్న 'తొలి కృష్ణబిలాలు తొలి కృష్ణబిలాలేనా?' అని తేలుతుంది.

నా ఓటు 'ఆది'కి. ఆదికవి అంటే పాతకాలపు కవి అని కాదు కదా, అంతకుముందు కవి లేడని. ఇక్కడా అంతే, వయసు కాదు, పుట్టుక ముఖ్యం.

మళ్ళీ నేనే: ఆదికవి పోలికతో నా తికమక తీరిపోయింది, చాలా థాంక్సండీ. వాక్యం ఇలా మార్చాను: "ఈ తొలినాటి కృష్ణబిలాల్లో కొన్నిటికి మూలం ఆది కృష్ణబిలాలే కావచ్చు." 'బిలం' జోలికి మాత్రం పోలేదు, 'రంధ్రం' అని మార్చలేదు. రంధ్రానికి అవతలి వైపు ఉండొచ్చు, బిలానికి లోతే.