ఆక్రోమెగలీ రోగికి కొలనోస్కోపీ: 2 లీటర్ల పెగ్ ద్రావణం (పేగు శుభ్రం చేసే విరేచన మందు) చాలుతుందా?

రోగి వయసు 38, ఆక్రోమెగలీ (గ్రోత్ హార్మోన్ అతిగా ఊరే జబ్బు). పిట్యూటరీ (మెదడు అడుగున ఉండే గ్రంథి) ఆపరేషన్ అయ్యాక కూడా ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్‌తో పాటు పెరిగే హార్మోన్) వయసుకు ఉండాల్సిన దానికన్నా ఎక్కువే. కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) ఇంతవరకు చేయలేదు. బ్రిటన్ 2010 మార్గదర్శకాలు 40 ఏళ్ల నుంచి అంటాయి, అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2014లో జబ్బు బయటపడగానే చేయమంది. హార్మోన్ అదుపులో లేనప్పుడు ఇంకో రెండేళ్లు ఆగడం సరికాదని మా అభిప్రాయం. పెద్దపేగులో అడినోమా పాలిప్‌లు (క్యాన్సర్‌గా మారగల చిన్న గడ్డలు) వీళ్లలో ఎక్కువ కదా.

అసలు సందేహం పేగు శుభ్రం గురించి. ఈ జబ్బులో పెద్దపేగు పొడవు పెరుగుతుంది, మెలికలు ఎక్కువవుతాయి, కదలిక మందగిస్తుంది. అందుకే మామూలు మోతాదుకు కుడివైపు మలం మిగిలిపోయి చిన్న పాలిప్‌లు కనబడవు. 4 లీటర్లు రెండు విడతలుగా, సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు 5 గంటల ముందు ఇచ్చినవాళ్లు ఉన్నారా? పీచు ఎన్ని రోజుల ముందు ఆపించారు? సిగ్మాయిడోస్కోపీ సలహా మాత్రం వద్దండీ, అది కుడివైపు దాకా పోదు.

నాలుక పెద్దది, స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోవడం) ఉంది. అందుకే మత్తు డాక్టర్ లేకుండా సెడేషన్ ఇవ్వం.

అడినోమా దొరికినా, ఐజీఎఫ్-1 తగ్గకపోయినా 3 ఏళ్లకు మళ్లీ చేయమంటోంది బ్రిటన్ పద్ధతి. మీ యూనిట్లలో అదే పాటిస్తున్నారా?