క్యాబ్ కోసం ఈవీ కొంటే చేతిలో ఎంత మిగులుతుంది?

ఉప్పల్‌క్యాబ్: అన్నలూ, ఇప్పుడు సీఎన్‌జీ బండి నడుపుతున్నా. ఈవీ (కరెంటు కారు) కొంటే కిలోమీటరుకు రూపాయే ఖర్చు అని షోరూమ్‌లో చెప్తున్నారు. నిజమేనా?

నాగోల్_నైట్: ఇంట్లో చార్జింగ్ పెట్టుకునేవాళ్లకు నిజమే తమ్ముడూ. నా బండి సిటీలో యూనిట్‌కు 7 కిలోమీటర్లు ఇస్తుంది. కరెంటు యూనిట్ 8 రూపాయలు పడినా కిలోమీటరుకు రూపాయి చిల్లరే. అదే బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ 20 అయితే, పైన 18 శాతం జీఎస్టీ వేస్తే, 3 రూపాయలు దాటుతుంది. బండి రేటు తర్వాత. రాత్రి బండి ఎక్కడ పెడతావు, అక్కడ ప్లగ్ ఉందా? ముందు అది చూసుకో.

ఎయిర్‌పోర్ట్_రన్: టైమ్ కూడా లెక్కెయ్యండి. 26 కిలోవాట్ అవర్ (అంటే 26 యూనిట్ల) బ్యాటరీ ఒకసారి నిండితే కాగితం మీద 315 కిలోమీటర్లు రాస్తారు. మే నెలలో ఏసీ ఆపకుండా, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద స్పీడ్‌గా పోతే 200 వస్తే ఎక్కువ. సాయంత్రం గచ్చిబౌలిలో ఆఫీసులు వదిలే టైమ్‌కి ట్రిప్పుల రేట్లు పెరుగుతాయి, సరిగ్గా అప్పుడే చార్జ్ 15 శాతానికి దిగుతుంది. చార్జర్ దగ్గరికి పోతే ఒక చార్జింగ్ గన్ (బండికి పెట్టే ప్లగ్) పనిచేయదు, రెండోదానికి మనకన్నా ముందు రెండు బండ్లు. అక్కడ కూర్చుని ఉండగా శంషాబాద్ ట్రిప్ వస్తుంది, వదులుకోవాల్సిందే. ఆ పోయిన ట్రిప్పు ఏ బిల్లులోనూ కనపడదు. నాకు మాత్రం కరెంటు కన్నా పెద్ద ఖర్చు అదే. అందుకే సగం చార్జ్ ఉన్నా మధ్యాహ్నం భోజనం టైమ్‌లోనే పెట్టేస్తా.

మలక్‌పేట_ఈవీ: తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, ట్యాక్సీలకు కూడా. ఆయిల్, క్లచ్ ప్లేట్ల గొడవ లేదు. టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి. అసలు భయం బ్యాటరీ గురించే. చాలా కార్లకు వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. రోజంతా తిరిగే క్యాబ్‌కు ఆ కిలోమీటర్లు మూడు, నాలుగేళ్లలో అయిపోతాయి. ఈఎంఐ ఐదేళ్లు పెట్టుకుంటే చివర్లో వారంటీ లేని బండికి వాయిదాలు కట్టాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు కూడా మొదట అడిగేది బ్యాటరీ సంగతే. లోన్ గడువు తక్కువ పెట్టుకో.

ఉప్పల్‌క్యాబ్: మాది అద్దిల్లు అన్నా. కింద పార్కింగ్ ఉంది. ఓనర్ ఒప్పుకుంటాడా?

నాగోల్_నైట్: సబ్ మీటర్ పెట్టించి యూనిట్ల లెక్కన డబ్బులిస్తానంటే మా ఓనర్ సరేనన్నాడు. 15 ఆంపియర్ సాకెట్ చాలు, రాత్రి పదింటికి పెడితే పొద్దున్నకి దాదాపు నిండుతుంది. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చార్జ్ ఎక్కదు, ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించు. ఓనర్ మాట ఇచ్చేదాకా షోరూమ్‌లో అడ్వాన్స్ కట్టకు.