పాత ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌పీ వేస్తుంటే బ్లూ స్క్రీన్, ఎవరికైనా తెలుసా?
డీటీపీ చేసేవాళ్లెవరైనా ఉంటే కాస్త చూడండి. పెళ్లికార్డుల పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, అను తెలుగు ఫాంట్లలో ఉన్నాయి, వాటి కోసమే 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్స్‌పీ వేద్దామని కూర్చున్నా. సీడీ బూట్ అవుతోంది, కింద డ్రైవర్ల పేర్లు గబగబా వెళ్తాయి, అవి అయిపోగానే బ్లూ స్క్రీన్, కోడ్ చివర 7బి. హార్డ్‌డిస్క్ ఏహెచ్‌సీఐ అనే కొత్త మోడ్‌లో ఉంటే ఎక్స్‌పీకి ఇలాగే అవుతుందని, బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) పాత ఐడీఈ మోడ్‌కి మారిస్తే చాలని తెలుసు, కానీ దీని బయోస్‌లో ఆ ఆప్షనే లేదు. హార్డ్‌డిస్క్ డ్రైవర్ విడిగా ఇద్దామని ఎఫ్6 నొక్కితే ఫ్లాపీ పెట్టమంటోంది, ఇప్పుడు ఫ్లాపీ ఎక్కడ తేవాలి! ఎన్‌లైట్‌తో (విండోస్ సీడీలో మార్పులు చేసే సాఫ్ట్‌వేర్) ఇంటెల్ సాటా (హార్డ్‌డిస్క్) డ్రైవర్ కలిపి ఎక్స్‌పీ ఎస్‌పీ3 (సర్వీస్ ప్యాక్ 3) సీడీ చేసినవాళ్లుంటే చెప్పండి, డ్రైవర్ ఫోల్డర్‌లో ఐఏఏహెచ్‌సీఐ, ఐఏస్టోర్ అని రెండు ఐఎన్‌ఎఫ్ ఫైళ్లున్నాయి, ఏది ఎంచుకోవాలి? ఎక్స్‌పీకి 2014లోనే అప్‌డేట్లు ఆగిపోయాయని తెలుసు, నెట్ కలపను. వర్చువల్‌బాక్స్ (ఒక విండోస్ లోపలే ఇంకో విండోస్ నడిపే సాఫ్ట్‌వేర్) మాత్రం చెప్పకండి, 2 జీబీతో అది నత్తనడకే.